బడిలో పిల్లల మనసు, టీచర్ల మనసు: సిక్కోలు హైస్కూళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

అక్టోబరు 10 వస్తే ప్రపంచ మానసిక ఆరోగ్య దినం అని ఫ్లెక్సీ కడతాం. ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు పది నిమిషాలు మాట్లాడతారు. ఫొటో తీసి గ్రూపులో పెడతాం. మర్నాడు బడికి రాని పిల్లాడు ఎందుకు రాలేదో మాత్రం ఎవరికీ పట్టదు. పట్టకపోవడం కాదు లెండి, తీరిక ఉండదు. ఆ తీరిక లేని బడిలో కూడా చేయగలిగిన పనులే ఇక్కడ రాస్తున్నాను.

సిక్కోలు, అంటే మన శ్రీకాకుళం జిల్లాలో ఒక మామూలు జడ్పీ హైస్కూలును దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. విజయనగరం జిల్లా వాళ్ళకీ చాలావరకు సరిపోతుంది. దీనికి ప్రత్యేకంగా నిధులు అక్కర్లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్కు, నెలకోసారి నలభై నిమిషాల స్టాఫ్ మీటింగు, హెచ్ఎం గారి పట్టుదల ఉంటే చాలు. నా లెక్కలో అసలు విషయం ఒక్కటే: బళ్ళో ప్రతి పిల్లకీ తన సంగతి తెలిసిన పెద్ద ఒకరుండాలి. ఆ పెద్దకి కూడా తన బరువు చెప్పుకోవడానికి ఇంకొకరుండాలి. యోగా, ధ్యానం, ఆటలు, పాటలు అన్నీ మంచివే. కానీ ఈ రెండూ లేని చోట అవి టైంటేబుల్లో ఇంకో పీరియడ్ అవుతాయి, అంతే.

మొదటి పని: జూన్, జులైల్లో ఇంటి సంగతి తెలుసుకోవడం

జూన్ 12న బళ్ళు తెరుస్తారు. ఆగస్టు వచ్చేలోపు ఈ పని అయిపోవాలి. దానికి మన జిల్లాలో ఒక గట్టి కారణం ఉంది. మనకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా చాలామంది జాలర్లు వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళతారు. పడమటి తీరంలో జూన్, జులైల్లో వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలే తండ్రులు ఊళ్ళో ఉంటారు. ఆగస్టు దాటాక తల్లిదండ్రుల సమావేశం పెడితే వచ్చేది మామ్మలే. నాన్నతో ముఖాముఖి మాట్లాడాలంటే జులైలోనే మాట్లాడాలి. ఆయన ఫోన్ నంబరుతో పాటు బోటులో ఆయనతో ఉండే ఇంకొకరి నంబరు కూడా అప్పుడే రాసుకోవాలి.

ఈ రెండో నంబరు ఎందుకంటే, 2018 చివర్లో వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన జాలర్లను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నప్పుడు, వాళ్ళు తిరిగి మన దేశంలో అడుగుపెట్టింది 2020 జనవరిలో. ఏడాది దాటి ఆ ఇళ్ళలో పిల్లలు రోజూ బళ్ళకు వచ్చారు, పరీక్షలు రాశారు. అలాంటి ఇంటి పిల్ల మన క్లాసులో ఉంటే ఆ సంగతి మనకు తెలిసి ఉండాలా, వద్దా?

నోట్‌బుక్కులో పిల్లకో పేజీ. ఫారంలా పంచిపెట్టి నింపుకురమ్మనకండి, అన్నీ 'బాగానే ఉన్నాం' అనే వస్తాయి. లీజర్ పీరియడ్లో ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, ఒక్కొక్కరితో విడిగా నాలుగు మాటలు మాట్లాడి, వాళ్ళు వెళ్ళాక రాసుకోండి. అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేమీ కావు.

రాత్రి అన్నం ఎవరు పెడతారు? అమ్మానాన్నలు ఎక్కడున్నారు: వేరావలా, హైదరాబాదులో బిల్డింగ్ పనా, చెన్నైయా? బడికి దేనిమీద వస్తావు, నడిచా, ఆటోలోనా? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా? బళ్ళో నీ దోస్తు ఎవరు?

ఆఖరి ప్రశ్నే చాలా ముఖ్యం. క్లాసులో అందరి జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరూ పేరు చెప్పని పిల్లలు ఒకరిద్దరు తేలతారు. మార్కుల రిజిస్టరులో వాళ్ళు ఎక్కడా కనిపించరు, ఎందుకంటే బాగా చదివేవాళ్ళు కాదు, అల్లరి చేసేవాళ్ళూ కాదు.

ఉద్దానంలో పనిచేసేవాళ్ళకు ఇంకో సూచన. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. డయాలసిస్‌కి వారంలో రెండు మూడు సార్లు వెళ్ళాలి, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. హాజరు పట్టీలో ఒక పిల్ల సరిగ్గా వారంలో ఒకే రోజుల్లో రాకపోతోందంటే ఆ రోజుల్లో ఎవరికో తోడు వెళుతోందేమో కనుక్కోండి. 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చాక దూరం తగ్గింది గానీ తోడు వెళ్ళే మనిషి అవసరం తగ్గలేదు. అలాంటి పిల్లను గైర్హాజరుకి మందలిస్తే తను చెప్పుకోదు, మానేస్తుంది.

ఇందులో రాసుకున్నవి స్టాఫ్ రూంలో కబుర్లు కాకూడదు. నోట్‌బుక్కు క్లాస్ టీచరు బీరువాలో ఉంటుంది, హెచ్ఎం చూడొచ్చు, మూడో మనిషి చూడకూడదు.

రెండో పని: ఎవరికి ఎవరున్నారో తేల్చుకోవడం

ఇది ఒక్క స్టాఫ్ మీటింగు పని. క్లాసులవారీగా పిల్లల పేర్లు పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించండి. టీచర్లు, పీఈటీ, ఆయా, మధ్యాహ్న భోజనం వండే అమ్మలు అందరూ తలో పెన్ను పట్టుకుని, ఏ పిల్ల గురించి మార్కులు కాకుండా మూడు సంగతులు చెప్పగలరో ఆ పేరు పక్కన టిక్కు పెట్టాలి. వంటమ్మల్ని మరిచిపోకండి. ఎవరు రెండోసారి అన్నం అడుగుతున్నారో, ఎవరు పళ్ళెం ముందు ఊరకే కూర్చుంటున్నారో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

అయ్యాక కాగితం చూస్తే కొందరి పక్కన ఏడెనిమిది టిక్కులుంటాయి. వాళ్ళు లీడర్లు, ప్రార్థనలో పాడేవాళ్ళు. కొన్ని పేర్ల పక్కన ఒక్కటీ ఉండదు. ఆ పేర్లను అక్కడికక్కడే పంచుకోండి. ఒక్కో పెద్దకి ముగ్గురో నలుగురో వస్తారు. చెయ్యాల్సింది వారానికి రెండుసార్లు పేరు పెట్టి పలకరించడం. "ఏమ్మా, మీ ఆవు ఈనిందా?" అన్నంత మాట చాలు. ఈ పంపకం పిల్లలకు చెప్పకూడదు. చెబితే అది డ్యూటీ అయిపోతుంది.

ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే పిల్లలు, మెళియాపుట్టి వైపు సవర పిల్లలు ఉన్న బళ్ళలో వాళ్ళ భాష ఒక్క ముక్కైనా వచ్చిన పెద్దకే వాళ్ళను అప్పగించండి. ఇంట్లో మాట్లాడే మాటను బళ్ళో ఎవరో ఒకరు పలికితే ఆ పిల్ల ముఖం ఎలా మారుతుందో చూస్తే మీకే తెలుస్తుంది.

మూడో పని: హాజరు వేసేటప్పుడు చూడటం

యాప్‌లో హాజరు పడుతుంది గానీ పిల్ల ముఖం పడదు. రోల్ నంబరు పిలిచేటప్పుడు తలెత్తి చూడండి. కొత్తగా వచ్చిన మార్పు కోసం చూడాలి. ఎప్పుడూ మూగగా ఉండే పిల్ల మూగగా ఉండటం వేరు, వాగుడుకాయ మూగబోవడం వేరు. తిండి, నిద్ర, చదువు, స్నేహాలు, వీటిల్లో ఒకటి రెండు మారి, అది రెండు వారాలు దాటి నిలిస్తే పట్టించుకోవాల్సిందే. చేతుల మీద కోతలు, నిండా వేసవిలో పొడుగు చేతుల చొక్కా, ఇష్టమైన వస్తువులు దోస్తులకు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు ఉంటే మాత్రం రెండు వారాలు కాదు, ఆ పూటే కదలాలి.

మన దగ్గర దిగులు చాలాసార్లు దిగులులా రాదు. కడుపునొప్పిగా వస్తుంది, తలనొప్పిగా వస్తుంది. ఆడపిల్లలు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోతారు. హాస్టళ్ళలో ఒకరు పడిపోతే వెనకే నలుగురు పడిపోవడమూ ఉంది. ఇంటికి కబురెళితే గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టించి పంపుతారు.

ఇక్కడ ఒక వరస పాటించండి. ముందు పొద్దున్న ఏమైనా తిందా అని అడగండి. తర్వాత పీహెచ్‌సీలో రక్తం చూపించండి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ, వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందో, కిటికీలోంచి పారేస్తోందో కూడా కనుక్కోండి. ఒంటి సంగతి తేలాక మనసు సంగతి. తాయెత్తును తెంపమనకండి, వెక్కిరించకండి. "కట్టించారు, మంచిదే. డాక్టరు గారికి కూడా ఓసారి చూపిద్దాం" అంటే మామ్మ ఒప్పుకుంటుంది. 'మూఢనమ్మకం' అన్నారంటే ఆ ఇంటి తలుపు మూసుకున్నట్టే. నలుగురైదుగురు ఒకేసారి పడిపోతే వాళ్ళను వేరువేరు గదుల్లో పడుకోబెట్టండి. చుట్టూ మూగిన జనాన్ని, ఫోన్లలో వీడియోలు తీసేవాళ్ళను పంపేయండి. గొడవ సగం అక్కడే సద్దుమణుగుతుంది.

నాలుగో పని: మాట్లాడటం

స్టాఫ్ రూంకి పిలిపించి, అందరి ముందు "నీకేంట్రా ప్రాబ్లం?" అని అడిగితే ఏ పిల్లాడూ చెప్పడు. మీరైనా చెబుతారా? వరండాలోనో, గ్రౌండ్ చివరో, నలుగురికీ కనిపించేలా, ఎవరికీ వినిపించకుండా ఉన్న చోటు చూసుకోండి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటే మగపిల్లలకు నోరు తొందరగా పెగులుతుంది. ఏదో ఒక పని చేతికివ్వండి, పుస్తకాలు సర్దడమో, మొక్కలకు నీళ్ళు పోయడమో. ఆడపిల్లతో మేడమే మాట్లాడాలి. మేడం లేని బళ్ళో ఆయమ్మను దగ్గర్లో ఉంచండి.

తొమ్మిదో తరగతి పిల్లాడొకడు పదిరోజులుగా హోంవర్క్ చెయ్యట్లేదనుకోండి. మాట ఇలా నడవొచ్చు.

"ఏరా, పొద్దున్న ఏం తిన్నావు?"

"ఏటీ నేదు మాస్టారూ."

"మామ్మకి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

ఇక్కడ తొందరపడొద్దు. మొక్కలకు నీళ్ళు పోయనివ్వండి. ఒక నిమిషం మాటలు లేకపోతే కొంపలేం మునగవు.

"...నాన్న ఫోను సేయట్నేదు మాస్టారూ."

"ఎన్నాళ్ళనుంచి?"

"దసరా ముందునుంచి."

"మరి రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?"

"పడట్నేదు. మామ్మ ఏడుత్తాది. నానేటి సెప్పను?"

"నాతో చెప్పావు, మంచిపని చేశావు. నాన్న బోటులోవాళ్ళ నంబరు నా దగ్గరుంది. సాయంత్రం ఇద్దరం కలిసి చేద్దాం."

ఈ మాటల్లో మాస్టారు సలహా ఏమీ ఇవ్వలేదని గమనించారా? "ధైర్యంగా ఉండాలి, మగపిల్లాడివి కదా" అనలేదు. "మా కాలంలో మేమెన్ని కష్టాలు పడ్డామో" అని మొదలుపెట్టలేదు. ఆ మాట మా తరం వాళ్ళ నోట తేలిగ్గా వచ్చేస్తుంది, వచ్చిందంటే పిల్లాడి నోరు మూతపడుతుంది. అడిగింది తిండి, నిద్ర గురించి. చివర ఒక చిన్న పని, అదీ ఈ రోజే చేసేది, ఇద్దరూ కలిసి చేసేది. మాటిచ్చాక సాయంత్రం ఆ ఫోను చేసి తీరాలి.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అని పిల్లలు అడుగుతారు. ఒట్టు వెయ్యకండి. "నీ ప్రాణానికి ముప్పు ఉంటే, నిన్నెవరైనా హింసిస్తుంటే మాత్రం చెప్పాల్సినవాళ్ళకు చెబుతాను. చెప్పేముందు నీకు చెబుతాను. మిగతాది మన ఇద్దరి మధ్యే" అనండి.

అయిదో పని: మన చేతిలో లేనిదాన్ని అప్పగించడం

మాస్టారు డాక్టరు కాదు. వినడం, కనిపెట్టుకుని ఉండటం, సరైన చోటికి చేర్చడం వరకే మన పని. ఈ నంబర్లు ప్రతి క్లాసులో పెద్ద అక్షరాలతో గోడమీద ఉండాలి.

14416: టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకే కాదు, టీచర్లకూ, తల్లిదండ్రులకూ.
1098: చైల్డ్ హెల్ప్‌లైన్. హింస, బాల్యవివాహం, ఇంట్లోంచి వెళ్ళిపోయిన పిల్లలు.
108: అంబులెన్స్. 112: పోలీసు, ఏ అత్యవసరానికైనా.

డాక్టరు అవసరమైతే ముందు పీహెచ్‌సీ, అక్కణ్ణుంచి శ్రీకాకుళం ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి, అదే మనందరం ఇంకా రిమ్స్ అనే పిలుచుకునేది. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. విజయనగరం వాళ్ళకు అక్కడి జనరల్ ఆస్పత్రి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటేనే ఊళ్ళో వాళ్ళు జడుస్తారు కాబట్టి ఇంటివాళ్ళతో మొదటి మాటలోనే 'చినవాల్తేరు' అనకండి. "నిద్ర పట్టట్లేదు కదా, దానికి డాక్టరున్నారు" అని మొదలుపెట్టండి. మొదటిసారి వీలైతే బళ్ళోంచి ఒకరు తోడెళ్ళండి. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియక తిరిగొచ్చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి.

పిల్ల చచ్చిపోవాలని ఉందన్నట్టు మాట్లాడితే సూటిగా అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకు భయం. అలా జరగదని ఈ రంగంలో పనిచేసేవాళ్ళంతా చెబుతున్న మాట. అడగడంతో ఆ పిల్లకు బరువు కొంత దిగుతుంది. అవునంటే ఒక్క క్షణం ఒంటరిగా వదలకూడదు, బాత్రూమ్‌కి కూడా తోడుండాలి. 14416కి అక్కణ్ణుంచే ఫోన్ చెయ్యండి. ఇంటివాళ్ళను పిలిపించి చేతికప్పగించండి, "సాయంత్రం వెళ్ళిపోతాడులే" అని ఆటో ఎక్కించకండి.

ఇంటివాళ్ళకు తప్పకుండా చెప్పాల్సినది పురుగుమందు గురించి. పత్తికో, వరికో కొన్న డబ్బా అటకమీదో, మంచం కిందో ఉంటుంది. దాన్ని ఇంట్లోంచి తీసేసి, తాళం ఉన్న చోట పెట్టమనండి. చచ్చిపోవాలన్న ఉద్వేగం చాలాసార్లు కాసేపట్లో దాటిపోతుంది. ఆ కాసేపూ డబ్బా చేతికందకపోతే ప్రాణం దక్కుతుంది. ఒకవేళ తాగితే కేసవుతుందని భయపడి ఆస్పత్రికి ఆలస్యం చేస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలి, శిక్షించకూడదు. ఈ ఒక్క మాట తల్లిదండ్రుల సమావేశంలో మైకులో చెప్పండి.

లైంగిక వేధింపు సంగతి మన చెవిన పడితే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. బడి పరువు, ఊరి పెద్దల రాజీ ఇవేవీ అక్కడ చెల్లవు. పిల్లను పదిమంది పదిసార్లు అడగకండి, ఒకరే వినండి.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన పిల్లను బళ్ళో ఎలా రానివ్వాలన్నది ముందే అనుకోవాలి. మామూలుగా రానివ్వండి. చప్పట్లొద్దు, జాలి చూపులొద్దు. పోయిన పాఠాలకు ఇద్దరు తోటిపిల్లల నోట్సులు సిద్ధంగా ఉంచండి. ఒక టీచరు వారం రోజులు సాయంత్రం వెళ్ళేముందు పలకరిస్తే చాలు.

ఆరో పని: పరీక్షల కాలం

పదో తరగతి అంటే ఇక్కడ మార్కుల కంటే పెద్ద లెక్క. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, దానికి పదో తరగతి మార్కులే మెట్టు. ఊళ్ళో ఒక పిల్లకు సీటొస్తే బ్యానరు కడతారు. రానివాళ్ళు ఆ బ్యానరు కింద నుంచే రోజూ బడికి వస్తారు.

డిసెంబరు నుంచి మార్చి దాకా స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు తప్పవు. తప్పించుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మార్కులు గట్టిగా చదవకండి, పేపరు బోర్లా పెట్టి ఇవ్వండి. ఏ బ్యాచ్, బి బ్యాచ్ అని విడదీయకండి. ఇది నా మెత్తని మనసు మాట కాదు. విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు చెయ్యొద్దని, అందరిముందు అవమానించొద్దని, వందమంది, అంతకు మించి విద్యార్థులున్నచోట కనీసం ఒక కౌన్సెలరు ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. మీ బళ్ళో కౌన్సెలరు లేకపోతే మండల విద్యాధికారికి (ఎంఈఓ) రాతపూర్వకంగా పెట్టండి, కాపీ దాచుకోండి.

నిద్ర సంగతి. ఈ వయసువాళ్ళకు 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి పదకొండు దాకా చదివించి, తెల్లారి నాలుగింటికి లేపితే చదివింది బుర్రలో నిలవదు. హాస్టల్లో నైట్ స్టడీ పదింటికి ఆపెయ్యండి. పరీక్ష హాలులో టెన్షన్ వస్తే చెయ్యడానికి ఒక చిన్న పద్ధతి జనవరి నుంచే అలవాటు చేయించండి: నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, అయిదారుసార్లు. పరీక్షరోజు కొత్తగా చెబితే ఎవరికీ గుర్తుండదు.

ఏప్రిల్లో ఫలితాలొచ్చే రోజుకి విడిగా ఒక ఏర్పాటుండాలి. అప్పటికి సెలవులు కాబట్టి పిల్లలు కళ్ళముందుండరు. ఫెయిలవుతారేమోనన్న పిల్లల జాబితా ముందురోజే తీసి, స్టాఫంతా పంచుకుని, ఫలితం వచ్చిన గంటలోపు ఫోన్లు చెయ్యండి. ముందు పిల్లతో, తర్వాత ఇంటివాళ్ళతో. "మే నెలలో సప్లిమెంటరీ ఉంది, ఫీజు కట్టే సంగతి నేను చూస్తాను, రేపు పొద్దున్న పదింటికి బడికి రా" అని రేపటికి ఒక పని చెప్పండి. 95 శాతం వస్తుందనుకుంటే 80 వచ్చిన పిల్లలూ ఆ జాబితాలో ఉండాలి. వాళ్ళను మనం మరిచిపోతాం, ఎందుకంటే పాసయ్యారుగా.

తుఫాను వచ్చిన ఏడాది

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి మళ్ళీ కాపుకొచ్చేది ఏళ్ళ తర్వాత కాబట్టి ఆ ఇళ్ళల్లో దిగులు తుఫానుతో పోలేదు, పనికోసం వలసలై సాగింది. బడి తెరవగానే సిలబస్ పరిగెత్తించకండి. మొదటి మూడు రోజులు ఎవరెక్కడున్నారు, పుస్తకాలున్నాయా, బట్టలున్నాయా అన్నదే పాఠం. తుఫాను కథ చెప్పమని బలవంతం చెయ్యొద్దు, చెప్పుకుంటే వినాలి. బొమ్మలు వేయించండి, ఆటలాడించండి, గంట వేళకు కొట్టండి. రోజు మామూలుగా నడుస్తోందన్న నమ్మకమే సగం మందు. గాలి గట్టిగా వీస్తే వణికే పిల్లలు నెల దాటినా అలాగే ఉంటే అయిదో పనిలో చెప్పిన దారి పట్టండి.

ఏడో పని: టీచర్ల సంగతి

శ్రీకాకుళంలో కాపురం, మందసలో ఉద్యోగం. తెల్లారి అయిదింటికి లేచి వంట, బస్సు, బడి, హాజరు యాప్, భోజనం వివరాలు, మార్కుల ఎంట్రీ, మధ్యలో పాఠం, మళ్ళీ బస్సు, రాత్రి గ్రూపులో 'అర్జంట్' మెసేజ్. ఇలాంటి మనిషిని పిల్లల ముఖాలు చదవమంటే ఎక్కడ చదువుతారు? అందుకే ఈ పని చివర రాసినా చెయ్యడం మాత్రం మొదటి పనితో కలిపే మొదలుపెట్టాలి.

ఒకటి, డేటా పని పంచుకోండి. యాప్‌ల పనికి వారానికొకరు వంతు తీసుకుంటే మిగతావాళ్ళకు ఆ వారం పాఠమే పని. కంప్యూటరు వచ్చిన కుర్ర టీచరు మీదే అంతా తోసెయ్యడం అన్ని బళ్ళల్లో జరుగుతున్నదే. కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్ళు మొహమాటంతో కాదనలేరు, ఆరు నెలల్లో నీరసించిపోతారు.

రెండు, రాత్రి ఏడు దాటాక బడి గ్రూపులో మెసేజ్ పెట్టకూడదని హెచ్ఎం గారే నియమం పెట్టాలి. తుఫాను సెలవు లాంటిదైతే సరే. పైనుంచి వచ్చినదాన్ని అదే క్షణంలో కిందికి తోసెయ్యడం కూడా ఒక అలవాటు. చాలావాటికి పొద్దున్న తొమ్మిదింటి దాకా ఆగొచ్చు.

మూడు, జోడీలు. స్టాఫ్‌లో ఇద్దరిద్దరు. ఒకరికి బాగోలేని రోజు రెండోవారు ఆ క్లాసు చూసుకుంటారు, కారణం అడగరు. క్లాసులో కోపం తలకెక్కితే "ఓ అయిదు నిమిషాలు చూడండి మేడం" అని బయటికొచ్చేసే వీలుండాలి. ఇలా అడగడం చేతకానితనం కాదని హెచ్ఎం స్టాఫ్ మీటింగులో చెప్పాలి, తనూ ఒకసారి అలా అడిగి చూపించాలి.

కోపం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చుకునేలా హింసించడం రెండూ విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ నిషేధించింది. అది అందరికీ తెలుసు. తెలిసి కూడా చెయ్యి లేచిందంటే అది ఆ పిల్లాడి అల్లరి కొలత కాదు, మన అలసట కొలత. ఆదివారం సాయంత్రం నుంచే గుండెల్లో బరువు, చిన్నదానికే అరవడం, నిద్రపట్టక మందుకో మాత్రకో అలవాటుపడటం, ఇంట్లో పిల్లలతో మాట్లాడటానికి కూడా ఓపిక లేకపోవడం, ఇవి రెండు వారాలు దాటితే పిల్లలకు చెప్పిన దారే మనకూ: 14416, లేదంటే డాక్టరు. బీపీ మాత్ర వేసుకుంటున్నామని స్టాఫ్ రూంలో చెప్పుకోవడానికి మనకు సిగ్గు లేదు. నిద్రకు, దిగులుకు వైద్యం చేయించుకుంటున్నామని చెప్పడానికి మాత్రం నోరు రాదు. పెద్ద మాస్టార్లలో ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళకు దారి పడుతుంది.

హెచ్ఎంలకు ఒక మాట. టీచర్ని పిల్లల ముందు మందలించకండి. తల్లిదండ్రులెవరైనా గొడవకొస్తే ముందు టీచరు పక్కన నిలబడి, తప్పొప్పులు గది తలుపు మూసుకున్నాక మాట్లాడుకోండి. మంచిపని చేస్తే ఫలానాది బాగుందని అదే పనిని పేర్కొని చెప్పండి. "గుడ్ వర్క్ ఆల్" అన్న మెసేజ్ ఎవరికీ తగలదు. హెచ్ఎంకి మాత్రం ఎవరున్నారంటారా? మండలంలో ఇంకో హెచ్ఎం. నెలకోసారి టీ తాగుతూ, కాంప్లెక్స్ మీటింగ్ ఎజెండా లేకుండా మాట్లాడుకోండి.

నెలనెలా నలభై నిమిషాలు

ప్రతినెలా ఒక శనివారం, సిలబస్ ఊసు లేకుండా స్టాఫంతా కూర్చోవాలి. మూడే విషయాలు. ఈ నెల ఎవరు మారారు? పోయిన నెల అనుకున్నవాళ్ళ సంగతేమైంది? మనలో ఎవరికి బరువు ఎక్కువైంది? వివరాలన్నీ అందరికీ అక్కర్లేదు, ఎవరు చూసుకుంటున్నారో తెలిస్తే చాలు. భోజనం దగ్గర ఎవరెవరు కలిసి కూర్చుంటున్నారో కూడా ఈ మీటింగులోనే అడగండి. కులాన్ని బట్టి వరసలు విడిపోతుంటే వంటమ్మలు ముందే చెప్పేస్తారు. అది కనిపించిన మర్నాడే రోల్ నంబర్ల వరసలో కూర్చోబెట్టండి, ఉపన్యాసం అక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది చదివే ఆడపిల్ల హఠాత్తుగా రావడం మానేస్తే పెళ్ళి మాటలేమో చూడండి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చట్టవిరుద్ధం, 1098కి చెప్పినవారి పేరు బయటపెట్టరు.

ఏప్రిల్లో నోట్‌బుక్కులు పై తరగతి టీచరుకి అప్పగించండి. తెలియాల్సినవి నోటితో చెప్పి, మరీ గుట్టుగా ఉండాల్సిన పేజీలు చింపేయండి. పదో తరగతి పిల్లలు ఇంటర్‌కి శ్రీకాకుళమో, విశాఖో వెళ్ళి హాస్టళ్ళలో చేరతారు. మొదటి నెల వాళ్ళకు చాలా గడ్డుకాలం. హాస్టల్లో ఫోనుండదు. ఇంటివాళ్ళు ఏ ఆదివారం మాట్లాడతారో, చూడటానికి ఎప్పుడు వెళతారో కనుక్కుని, బెంగపెట్టుకుంటారనుకున్న పిల్లలతో ఆ వేళకు మీరూ ఒక నిమిషం మాట్లాడండి.